అత్తమ్మ కాన్పులు

నా శ్రీమంతం నాడు మా అత్తమ్మ వంటింట్లకెల్లి బయటికి రాలే.

నేను పుట్టింది, చదివింది పాలమూరుల, అదే మహబూబ్‌నగర్‌ల. డిగ్రీ అయినంక మక్తల్ దగ్గర ఒక ఊర్లకు నన్ను ఇచ్చిండ్రు. మా ఆయన మక్తల్‌ల ఎరువుల దుకాణంల పనిచేస్తడు. మామకు కంది, జొన్న, జరంత పత్తి. ఇంట్ల మేం నలుగురమే. కానీ మామ వాళ్ల అక్క ఇల్లు మా గోడకు ఆనుకొనే ఉంటది. పేరుకు అది పక్కిల్లు, మా ఇంట్ల పెత్తనమంత ఆమెదే. కంది చేన్ల మందు ఎప్పుడు కొట్టాలె, ఏ పండుగకు ఏం వండాలె, ఎవరింటి పెండ్లికి ఎవరు పోవాలె, అన్నీ ఆమె చెప్పినట్టే అయితయి. ఊరంత ఆమెను పెద్దమ్మ అంటరు, నేను గూడ అట్లనే పిలుస్త.

శ్రీమంతానికి మా అమ్మవాళ్లు అరిసెలు, గర్జెలు, లడ్డూలు చేసుకొని వచ్చిండ్రు. నన్ను కుర్చీల కూసోబెట్టి పూలు పెట్టిండ్రు. మా అమ్మ మర్యాదకు వంటింటి దిక్కు చూసి పిలిచింది.

"వదినె, రా. ముందుగాల నువ్వు ఒడి నింపాలె గదా."

అత్తమ్మ జవాబు ఇయ్యకముందే పెద్దమ్మ అందుకున్నది. "ఆమె రాదు తియ్యి. ఆమె చెయ్యి మంచిది గాదు. ఇద్దరిని మింగింది."

నవ్వుతనే అన్నది. వచ్చిన ఆడోళ్లు గూడ దాన్ని కొత్త ముచ్చట లెక్క వినలే. మా అమ్మ ఒక్కతే చేతుల పసుపు గిన్నె పట్టుకొని అట్లనే నిలబడ్డది. తర్వాత పెద్దమ్మనే ముందు ఒడి నింపింది, గాజులు తొడిగింది. వరుసగా అందరు నా నోట్ల తీపి పెట్టిండ్రు. నాకు ఆ నెలంత ఒకటే దూప. అరిసె తిన్నప్పుడల్లా చెంబెడు నీళ్లు తాగిన. "కడుపుల చేపపిల్ల ఉన్నట్టుందే నీకు!" అని ఒకామె నవ్వింది. నేను గూడ నవ్విన.

అందరు పోయినంక వంటింట్లకు పోయి అత్తమ్మను అడిగిన, పెద్దమ్మ అట్ల ఎందుకన్నదని. ఆమె కాగు తోముతాంది. తల ఎత్తలే.

"రెండు కాన్పులు చేజారినయ్ పిల్లా. మూడోడు నీ మొగడు. జర ఆ నీళ్లు పొయ్యి."

అంతే చెప్పింది. నేను నీళ్లు పోసిన.

ఆ వారం దాటకముందే ఊరి ఆశా వర్కరు ఆశమ్మ వచ్చి నన్ను మండలం దవాఖానకు తోల్కపోయింది. పరిగడుపున గ్లూకోజు నీళ్లు తాపిచ్చిండ్రు. ముదురు పాకం లెక్క ఉండె అది, కక్కు ఆపుకునేసరికి కండ్లల్ల నీళ్లు వచ్చినయ్. బెంచీ మీద చానసేపు కూసోబెట్టి నెత్తురు తీసిండ్రు. నర్సు చీటీ చూసి, "షుగర్ వచ్చింది నీకు. పాలమూరు పెద్ద దవాఖానకు పో," అని, పక్కామెను పిలిచింది.

నాకు షుగరేంది? నేను సన్నగ ఉంట. షుగరంటే నాకు తెలిసింది మా అమ్మమ్మ ఒక్కతే, వేలు పుండై, తర్వాత పాదం తీసేసిన అమ్మమ్మ. అట్లకాకుంటే పొద్దుగాల గ్రౌండ్‌ల చెమటలు కక్కుతా నడిచే రిటైరైన సార్లు. ఇరవై నాలుగేండ్లకు, కడుపుతోని ఉన్నదానికి షుగరొస్తదని నాకు ఎవరూ చెప్పలే. ఆశమ్మ ధైర్యం చెప్పింది. కడుపుతోని ఉన్నప్పుడు కొందరికి వస్తదట, కాన్పు అయినంక పోతదట.

ఇంటికొచ్చి చెప్తే ఆయన అడిగిన మొదటి మాట, "ఏం తిన్నవ్ నువ్వు?"

దొంగతనం చేసినట్టు అడిగిండు. నోట్ల అరిసెలు పెట్టింది మీ ఇంటోళ్లే గదా అని నా నోటి దాంక వచ్చింది. పెద్దమ్మ అప్పటికే గడప దాటి లోపలికొచ్చింది. మా అమ్మమ్మ పాదం సంగతి ఎట్ల తెలిసిందో ఆమెకు తెలిసింది.

"పెండ్లప్పుడు ఈ రోగం ముచ్చట ఒక్కరన్న చెప్పిండ్రా? దాచి అంటగట్టిండ్రు. మా రక్తంల లేదు ఈ రోగం."

ఆయన కాళ్లు కడుక్కోనీకె దొడ్లెకు పోయిండు. మామ బీడీ ముట్టించుకొని బయటికి పోయిండు. అత్తమ్మ మాత్రం, "పాలమూరు ఎప్పుడు పోవాలె?" అని అడిగింది. తను గూడ వస్తనన్నది. ఆమె ఊరు దాటి పోవుడు నేను అంతకుముందు చూడలే.

పెద్ద దవాఖానల ఆడోళ్ల వార్డు ముందు జాతర లెక్క జనం. ఆయనను బయటనే ఆపిండ్రు. లోపల డాక్టరమ్మ నాకంటే ఎక్కువ వయసుదేం కాదు, నిద్రలేని కండ్లు. నా కాగితాలు చూసుకుంటనే అడుగుతాంది.

"మీ అమ్మకు షుగర్ ఉందా?"

"లేదు మేడం. అమ్మమ్మకుండె."

"మీ ఇంట్లో ఎవరికైనా బిడ్డ బాగా లావుగా పుట్టి చనిపోవడం, తొమ్మిదో నెలలో కడుపులోనే చనిపోవడం, అట్లాంటివి జరిగినయా?"

లేదని చెప్పబోయిన. నా ఎనక నిలబడ్డ అత్తమ్మ, "నాకు," అన్నది.

డాక్టరమ్మ రాసుడు ఆపలే. "మీరు అమ్మనా?"

"అత్తను."

"అయితే మీ సంగతి ఈమెకు సంబంధం లేదమ్మా."

నాకు ఇన్సులిన్ రాసి, ఎట్ల పొడుచుకోవాలెనో నర్సు చూపిస్తదని చెప్పింది. మేం లేవాలె. అత్తమ్మ కదలలే.

"ఎందుకడిగినవ్ బిడ్డా గా మాట?"

"షుగర్ ఎక్కువుంటే కడుపులో బిడ్డ బాగా లావెక్కుతుందమ్మా. కాన్పప్పుడు తల వచ్చినా భుజాలు ఇరుక్కుంటాయి. ఒక్కోసారి నెలలు నిండినంక లోపలే గుండె ఆగిపోతుంది. అందుకే జాగ్రత్తగా ఉండాలని."

"నా ఇద్దరు గట్లనే పోయిండ్రు. ఒకడు భుజాలు ఇరికి. ఒకతి కడుపుల. గదే రోగమా నాది?"

అప్పుడు తలెత్తి చూసింది డాక్టరమ్మ. ఆమెను తప్పు పట్టను, బయట ఇంకా ఎంతమంది ఉన్నరో నాకు తెలుసు. "ఇప్పుడు ఖాయంగా చెప్పలేమమ్మా. అయి ఉండొచ్చు. అప్పట్లో మీకు ఎవరూ పరీక్ష చేసి ఉండరు. మీరు కూడా ఒకసారి రక్తం చూపించుకోండి," అని, తర్వాతి మనిషిని పిలిచింది.

అయి ఉండొచ్చు. ఆమె బతుకు మొత్తానికి దొరికిన సంజాయిషీ అంతే.

తిరిగొచ్చేటప్పుడు బస్సుల ఆయన ముందు సీట్ల కూసున్నడు, మేమిద్దరం ఎనక. దేవరకద్ర దాటేదాంక అత్తమ్మ కిటికీల నుంచి చూస్తనే ఉన్నది. తర్వాత, "డాక్టరమ్మ ఏమన్నదో మల్లొకసారి చెప్పు," అన్నది. చెప్పిన. ఇంకోసారి చెప్పమన్నది. ఆమె మొకంల ఏడుపేం లేదు.

ఇగ అప్పుడు చెప్పింది. మొదటి కాన్పు ఇంట్లనే అయింది. తల వచ్చి ఆగింది. మంత్రసాని గుంజంగ గుంజంగ వచ్చిండు పిల్లగాడు, నీలి రంగుకు తిరిగి. "మూడు నెలల పిల్లగాని లెక్కుండె. గంత నెత్తి, గంత చేతులు. అందరు ముక్కు మీద వేలేసుకున్నరు. గంత మంచి పిల్లగాడు ఎట్ల పోతడు, తల్లిల్నే ఏదో ఉన్నదన్నరు." రెండోది ఆడపిల్ల. నెలలు నిండినయి, నొప్పులు ఇయ్యాల రేపు అన్నట్టు ఉండంగ కడుపుల కదులుడు బందయింది. కదుల్తలేదని చెప్తే పెద్దమ్మ, "పిల్ల పండుకున్నది, నువ్వు పని చేసుకో," అన్నదట.

"అప్పుడు నాకు గూడ నీ లెక్కనే దూప పిల్లా. చెంబులకు చెంబులు తాగేదాన్ని. నేను ఒంటికి పోయిన జాగల చీమలు పట్టేటియి. మా వదినె, గీ మీ పెద్దమ్మనే, చూసింది గది. చూసి, చేతబడి అన్నది. నా కడుపు కడుపు గాదట, పీనుగులను పూడ్చే బొందలగడ్డ అట."

మూడో కడుపప్పుడు ఆమె తమ్ముడు ఎవరి మాట ఇనకుండ రాయచూరు తీస్కపోయిండు. ఆడ కోసి తీసిండ్రు. కన్నడంల ఏదో చెప్పిండ్రట, ఆమెకు సమజ్ కాలే. తమ్మునికి సమజ్ అయ్యిందో లేదో, అతను చచ్చిపోయి చాన ఏండ్లాయె. ఆ పుట్టినోడే ముందు సీట్ల తలవాల్చి నిద్రపోతుండు.

ఇంటికి రాంగనే అత్తమ్మ చెప్పులు గూడ విడవలే. సీదా పక్కింటికి పోయింది. నేను ఎనకనే పోయిన. పెద్దమ్మ చాటల పల్లీలు ఏరుతాంది, మామ ఆమె అరుగు మీదనే చాయ తాగుతుండు.

"నా పిల్లలు షుగరుతోని పోయిండ్రు," అన్నది అత్తమ్మ. "నేను మింగలే. పెద్ద దవాఖానల డాక్టరమ్మ చెప్పింది."

పెద్దమ్మ నా దిక్కు చూసింది. ఇదంత నేను నేర్పిచ్చిన అనుకున్నదేమో. "చచ్చి ఎన్నేండ్లాయె వాళ్లు. ఇప్పుడు రోగానికి పేరు పెడితె లేచొస్తరా?"

"రారు. నువ్వు అన్న మాట వాపసు తీస్కో."

"ఏం మాటన్న నేను?"

ఆమె మరిచిపోయినట్టు నటిస్తుందని నేను అనుకున్న. ఇప్పుడు ఆలోచిస్తే, నిజంగనే మరిచిపోయిందేమో. అన్నోళ్లకు గుర్తుండదు. మామ చాయ గ్లాసు కింద పెట్టి, "అప్పుడు గా రోగం ఎవరికి తెల్వకపాయె. ఊకోండి ఇగ," అన్నడు. ఇద్దరిని కలిపి అన్నడు, ఇద్దరిది ఒకటే తప్పైనట్టు. అత్తమ్మ ఇంకా ఏమన్న అంటదని చూసిన. వాపసొచ్చి పొయ్యి ముట్టించింది.

ఆ రోజు నుంచి నా తిండి ఆమె చేతుల్లకు పోయింది. పొద్దుగాల, మాపటికి జొన్నరొట్టె, ఆకుకూర, పప్పు, గుడ్డు. బువ్వ గుప్పెడు. రొట్టె తుంచి ఇస్తది, ఇంకోటి అడిగితె మొకం తిప్పుకుంటది. నేను సూది పొడుచుకుంటుంటే పక్కన నిలబడి చూస్తది. అన్నం తిన్నంక నడిపిస్తది, కాళ్లు వాచినయన్నా ఇడువదు. ఒకనాడు ఆయన జాలిపడి మక్తల్ నుంచి జిలేబీ తెస్తే పొట్లం గుంజుకొని దొడ్లె బర్రెకు వేసింది. "కడుపుల ఉన్నోడు నీ కొడుకా, నా కొడుకా?" అని ఆయన నవ్వబోతే, "నోరు ముయ్యి. నువ్వెట్ల బతికినవో నీకేం ఎరుక," అన్నది.

ఊర్ల అందరు నా అదృష్టం అన్నరు, అసొంటి అత్త దొరుకుడు. నాకు అట్ల అనిపియ్యలే. ఆకలితోని నిద్ర పట్టకపోయేది. పొట్ట మీద సూది గుచ్చిన చోటల్లా కమిలిపోయింది. ఒక్కనాడన్న ఎట్లున్నవని ఎవరు అడగలే. అందరు కడుపునే చూసిండ్రు. అత్తమ్మ గూడ కడుపునే చూసింది. ఆమె కాపాడుతున్నది నన్ను గాదని, నా పిల్లను గూడ గాదని, ఎప్పుడో పోయిన ఆ ఇద్దరినని నాకు తెలిసిపోయింది. నేను మధ్యల ఒట్టి గిన్నెనే. నాకు అది కష్టమనిపిచ్చింది. ఆమెను ఏమన్న అందామంటే ఆమె మొకం చూసినంక నోరు రాకపోయేది.

తొమ్మిదో నెలల ఒకనాడు నిజంగనే కడుపుల చిన్న కదులుడు గూడ తెల్వలే. పొద్దటి సంది పొట్ట బరువు రాయి లెక్క ఉన్నది. చెప్పాల్నా వద్దా అనుకుంటనే అత్తమ్మతోని అన్న. అంతే, పిండి చేతులతోనే బయటికి ఉరికింది. ఆయనకు ఫోన్, ఎవరిదో ఆటో. పెద్దమ్మ వాకిట్లకొచ్చి, "ఊకె పరేషాన్ చేస్తరేందే, పిల్ల పండుకున్నదేమో," అన్నది.

అత్తమ్మ ఆటో ఎక్కబోతా ఆగింది. ఎనకకు తిరిగి ఆమెను ఒక చూపు చూసింది. నేను ఇప్పటిదాంక మనిషి అసొంటి చూపు చూసుడు ఇంకోసారి చూడలే. ఎక్కి కూసున్నది.

పాలమూరుల ఆ దినమే ఆపరేషన్ చేసిండ్రు. ఆడపిల్ల, నాలుగు కిలోల మీదనే. ఏడ్చిందట, నేను ఇనలే. పుట్టంగనే పిల్ల నెత్తుర్ల చక్కెర పడిపోయిందని అద్దాల గదిల పెట్టిండ్రు. కడుపుల ఉన్నన్ని దినాలు నా చక్కెరకు అలవాటు పడ్డదట, బొడ్డు కోయంగనే అది బందయిందట. మడమకు సూది గుచ్చి గుచ్చి చూసిండ్రు. నేను కుట్ల నొప్పితోని పండుకొని ఉన్న, అత్తమ్మ ఆ అద్దం దగ్గరి నుంచి కదలలేదట. ఆయన వచ్చి చెప్పిండు. నర్సు పొమ్మంటే, "నేనేం చెయ్య బిడ్డా, ఊకె చూస్త," అన్నదట.

పిల్ల కోలుకున్నది. నా పక్కల పండుకోబెట్టినప్పుడు అత్తమ్మ దాన్ని ముట్టుకోలే. చేతులు ఎనకకు పెట్టుకొని చూసింది.

"గిట్లనే ఉండె," అన్నది. "రెండోది గూడ. గీ చెంపలే."

పెద్దమ్మ చూడనీకె వచ్చి, "ఆడపిల్లకా గింత లొల్లి చేసింది," అని, సంత్ర పండ్లు పెట్టి పోయింది.

పిల్లను తొట్లెల వేసిన నాడు చుట్టాలందరు వచ్చిండ్రు. అన్నాలు తిన్నంక మొగోళ్లు పందిరి కింద కూసున్నరు. అత్తమ్మ అందరి ముందట మామ దగ్గరికి పోయి అడిగింది.

"నా పిల్లలను ఏడ పెట్టినవ్?"

మామకు ముందు అర్థం గాలే. అర్థమైనంక తువ్వాల దులిపి భుజం మీద ఏసుకున్నడు. "ఇప్పుడెందుకు గది?"

"ఏడ పెట్టినవ్?"

"పిల్లగాన్ని కంది చేను గట్టు మీద. గా చేను కాలువ తవ్వినప్పుడు పోయింది గదా, నీకు ఎరుకే."

"ఆడపిల్లను?"

"నేను పోలే. అక్కనే ఎవరితోనో పంపింది."

అందరు పెద్దమ్మ దిక్కు చూసిండ్రు. "గుర్తులేదు తల్లీ," అన్నది పెద్దమ్మ. "గప్పుడు గవన్నీ ఎవలు గుర్తు పెట్టుకుంటరు." ఆమె గొంతుల కోపం లేదు, సిగ్గు లేదు. పోయిన బిందె గురించి చెప్పినట్టు చెప్పింది. అత్తమ్మ ఇస్తార్లు ఏరనీకె పోయింది. నేను ఆయన దిక్కు చూసిన. తన అన్న, తన అక్క గురించి జరిగిన ముచ్చట అది. ఆయన ఫోన్ చూసుకుంటుండు.

తర్వాత అత్తమ్మకు పరీక్ష చేయిస్తే షుగర్ మస్తుగ ఉన్నది, కండ్లు గూడ అప్పటికే చెడినయన్నరు. ఎప్పటి సంది ఉన్నదో ఎవరికి తెల్వది. నాది కాన్పు తర్వాత పోయింది, మల్ల ఏడాదికోసారి చూపిచ్చుకోమన్నరు. "పోయిందంటిరి గదా, మల్లెందుకు," అని ఆయన రెండు మూడేండ్లు దాటేసిండు. ఇంకో కడుపు రాకముందే అదే వాపసొచ్చింది, ఈసారి పోలే. ఇప్పుడు నేను, అత్తమ్మ ఒకే డబ్బాల నుంచి గోలీలు తీసి వేసుకుంటం.

ఊర్ల ఎవరు కడుపుతోని ఉన్నరని తెలిసినా అత్తమ్మ పోతది. పరీక్ష చేయించుకోండ్రి, గ్లూకోజు తాగుండ్రి అని చెప్తది. మెత్తగ చెప్పుడు ఆమెకు రాదు, తిట్టినట్టు చెప్తది. కొందరు తలాడిస్తరు. కొందరు ఆమె వస్తున్నదని చూసి కోడలిని లోపలికి పంపి తలుపు దగ్గరికేస్తరు. ఇద్దరిని మింగిన మనిషి నీడ పడొద్దని. రోగానికి పేరు తెలిసింది గానీ, ఆమెకు పెట్టిన పేరు పోలే.

పోయినేడు పెద్దమ్మ మనుమరాలు కాన్పుకు పుట్టింటికొచ్చింది. పరీక్షల షుగర్ వచ్చింది. మాకు ఎవరు చెప్పలే, అంగన్‌వాడీ టీచరమ్మ మాటల మధ్యల అన్నది. మా రక్తంల లేదన్న రోగం. పెద్దమ్మ వాళ్లు గుట్టుగ రాయచూరుల చూపిస్తుండ్రట, సూదులు గూడ ఆడికెల్లే తెస్తుండ్రట. గోడ అవతలనే ఉంటరు. ఒక్కనాడు వచ్చి, నువ్వు కోడలికి ఏం పెట్టినవు, ఎట్ల చూసుకున్నవని అడగలే.

"నేనే పోయి చెప్పి రావాల్నా?" అని నేను అడిగితె, "రానియ్యి. అడిగితె చెప్త," అన్నది అత్తమ్మ. అడగలే.

ఆ పిల్లకు కాన్పు మంచిగనే అయింది. మొగపిల్లగాడు, తల్లీపిల్లా బాగనే ఉన్నరు. వీధంత పేడాలు పంచిండ్రు, మా గడప దాటేసి పోయిండ్రు. ఆ మాపటికి అత్తమ్మ పిట్టగోడ పక్కన కూసొని గోంగూర తెంపుతాంది. అవతల పిల్లగాడు ఏడుస్తున్నది వినిపిస్తాంది. నేను పోయి పక్కన కూసున్న.

"పిల్లగాడు బతికిండు పిల్లా," అన్నది.

"అవునత్తమ్మా. మంచిదే గదా."

"సంతోషం కావాలె గదా నాకు." కాడలు ఒక దిక్కు, ఆకు ఒక దిక్కు వేసింది. "కాలే."

నా ఒడిల కట్టెడు గోంగూర వేసి, ముదిరిన ఆకు ఏరి పారెయ్యమన్నది.